మూడో రోజుకే నీరు వదులుతున్న క్రీము: ఎమల్సిఫయర్ ఇంకా పెంచాలా?

కస్తూరి_గుంటూరు · మే 9, రాత్రి 9:12

నమస్కారం అండీ. ఇంట్లోనే చిన్న మోతాదులో ముఖానికి రాసుకునే క్రీము చేసి బంధువులకు, తెలిసినవారికి ఇస్తున్నాను. చేసిన రోజు చూడముచ్చటగా ఉంటుంది. తెల్లగా, నున్నగా, చెంచా గుచ్చితే నిలబడేంత గట్టిగా వస్తుంది. మూడో రోజుకు సీసా అడుగున నీరు చేరుతోంది. వారం తిరిగేసరికి పైభాగం రవ్వరవ్వగా మారుతోంది. ఎండలు ముదిరాక మరీ త్వరగా విరుగుతోంది. వంద గ్రాములకు నా తూకాలు ఇవి:

నీటి భాగం: నీరు 52, కలబంద రసం 15, గ్లిజరిన్ 4, ట్రైఇథనాలమైన్ 1
నూనె భాగం: స్టియరిక్ యాసిడ్ 5, సెటైల్ ఆల్కహాల్ 3, కొబ్బరి నూనె 6, బాదం నూనె 8, కోకమ్ బటర్ 2
చల్లారాక: విటమిన్ సి పొడి 2, విటమిన్ ఇ 1, లావెండర్ తైలం 1

రెండు భాగాలనూ విడివిడిగా వేడిచేసి, కలిపి, హ్యాండ్ బ్లెండరుతో తిప్పుతాను. స్టియరిక్ యాసిడ్ 8కి పెంచితే నిలుస్తుందా? లేక నూనెనూ నీటినీ కలిపి నిలిపే ఎమల్సిఫయర్‌గా ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్ కూడా వేయాలా?

చిలుకుకవ్వం · మే 9, రాత్రి 10:05

ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్ వేయండి మేడమ్. నూనెలన్నీ కలిపిన బరువులో నాలుగో వంతు వేస్తే నాకు ఎప్పుడూ విరగలేదు. బ్లెండరు కూడా ఇంకాస్త ఎక్కువసేపు తిప్పండి. విరిగిన క్రీముల్లో సగం సరిగా చిలకనివే.

ఆముదం_చెట్టు · మే 10, ఉదయం 6:31

ఆ ట్రైఇథనాలమైన్ అనే రసాయనం ముఖానికి ఎందుకమ్మా? తీసేసి తేనెమైనం వేయండి. తేనెమైనమే సహజమైన ఎమల్సిఫయర్. మా ఇంట్లో దానితోనే చేస్తాం, పగుళ్లకు అమోఘంగా పనిచేస్తుంది.

బీకరు · మే 10, ఉదయం 8:47

ఏదైనా పెంచే ముందు, తీసే ముందు, ఏది విరిగిందో తెలియాలి కదా. కస్తూరి గారూ, నాలుగు సంగతులు చెప్పండి.

ఒకటి, నీరు ఎక్కడిది? రెండు, విటమిన్ సి వేయకముందు, వేశాక పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే అంకె; 7 కంటే తక్కువైతే ఆమ్లం) ఎంత? కాగితం పట్టీలతో చూసినా చాలు. మూడు, అప్పుడే చేసిన క్రీమును గోరంత తీసి గ్లాసు నీటిలో వేస్తే పాలలా కలిసిపోతోందా, ముద్దగా తేలుతోందా? నాలుగు, విటమిన్ సి లేకుండా ఎప్పుడైనా చేశారా? అది నిలిచిందా?

చిలుకుకవ్వం గారూ, ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్ మంచిదే. కానీ జబ్బు తెలియకుండా మందు మోతాదు పెంచడం నాకు నచ్చదు.

కస్తూరి_గుంటూరు · మే 10, మధ్యాహ్నం 2:20

నీరు మా బోరుదే అండీ, కాచి చల్లార్చి గుడ్డలో వడపోస్తాను. ఇవాళ చేసి చూశాను. విటమిన్ సి ముందు పట్టీ 8 దగ్గర చూపింది, వేశాక 4కూ 5కూ మధ్య. గ్లాసులో పాలలా కలిసింది. సంక్రాంతి ముందు విటమిన్ సి లేకుండా చేసిన డబ్బా ఒకటి మా చెల్లెలి దగ్గర ఉంది. అది కాస్త గట్టిపడిందట కానీ విరగలేదట.

బీకరు · మే 10, సాయంత్రం 6:55

దొరికింది.

మీ క్రీములో ఎమల్సిఫయర్ అంటూ మీరు విడిగా వేసినది లేదు. అది గిన్నెలోనే పుడుతోంది. స్టియరిక్ యాసిడ్ ఆమ్లం, ట్రైఇథనాలమైన్ క్షారం, రెండూ కలిస్తే ట్రైఇథనాలమైన్ స్టియరేట్ అనే మెత్తని సబ్బు. ఆ సబ్బే నూనె బొట్లను చుట్టుకుని నీటిలో నిలబెడుతుంది. పాతకాలపు ‘స్నో’లన్నీ, మన పెద్దవాళ్లు వాడిన అఫ్ఘన్ స్నో లాంటివి, ఈ స్టియరిక్ యాసిడ్ వంశానివే.

ఇప్పుడు లెక్క చూడండి. ట్రైఇథనాలమైన్ అణుభారం 149. అణువుల సంఖ్యను మిల్లీమోల్‌లలో లెక్కిస్తే మీ ఒక గ్రాము అంటే సుమారు 6.7 మిల్లీమోల్‌లు. అది స్టియరిక్ యాసిడ్‌లో 1.9 గ్రాములను మాత్రమే సబ్బుగా మారుస్తుంది. మిగిలిన 3 గ్రాముల పైచిలుకు ఆమ్లంగానే ఉండి క్రీముకు ఒళ్లు ఇస్తుంది. ఇంతవరకు బాగుంది, ‘స్నో’ అంటేనే అది. తరువాత మీరు విటమిన్ సి, అంటే ఆస్కార్బిక్ యాసిడ్, 2 గ్రాములు వేశారు. దాని అణుభారం 176, కాబట్టి 11.4 మిల్లీమోల్‌లు. అది స్టియరిక్ కంటే బలమైన ఆమ్లం. ఉన్న ట్రైఇథనాలమైన్ మొత్తాన్నీ తన వైపు లాక్కుంటుంది, ఇంకా మిగులుతుంది. సబ్బు మళ్లీ స్టియరిక్ యాసిడ్‌గా మారిపోతుంది. పట్టీ 8 నుంచి 4కు జారింది అందుకే.

విటమిన్ సి చల్లారాక వేస్తున్నారు కాబట్టి అప్పటికి స్టియరిక్, సెటైల్ గడ్డకట్టి ఒక అల్లికలా బొట్లను పట్టుకుని ఉంటాయి. అందుకే వెంటనే విరగదు, మూడు రోజులు పరువు నిలుపుతుంది. ఎండకు ఆ అల్లిక మెత్తబడగానే నీరు విడిపోతుంది. మీరు చూస్తున్న రవ్వ బహుశా విడిపోయిన స్టియరిక్ స్ఫటికాలే.

కాబట్టి ఎమల్సిఫయర్ తక్కువ కాలేదు, చేసినదాన్ని చివరలో మీరే చంపుతున్నారు. స్టియరిక్ 8కి పెంచినా సబ్బు పెరగదు, క్రీము ఒళ్లు గట్టిపడుతుంది, అంతే.

నల్లగొండ_నీళ్లు · మే 10, రాత్రి 8:14

బోరు సంగతి వదిలేశారేమిటి బీకరు గారూ? మా వైపు బోరు నీళ్లలో సబ్బు నురగే రాదు, బకెట్టు చుట్టూ తెల్లని తెట్టు కడుతుంది. ఆ తెట్టు కాల్షియం స్టియరేటే కదా. బట్టల సబ్బుకు జరిగేది ఈవిడ క్రీములోని సబ్బుకు జరగదా? పైగా కాస్తే పోయేది బైకార్బనేట్ల కాఠిన్యం మాత్రమే. సల్ఫేట్లు, క్లోరైడ్లు అలాగే ఉంటాయి, నీరు మరిగి తగ్గేకొద్దీ ఇంకా చిక్కబడతాయి.

అడిగే ముందే చెబుతున్నాను, బ్యాటరీలో పోసే నీళ్లు వాడవచ్చా అని నాకు కూడా సందేహం ఉంది.

బీకరు · మే 10, రాత్రి 9:02

వదల్లేదండీ, మీరు అందుకున్నారు. కాల్షియం, మెగ్నీషియం సబ్బులు నీటిలో కరగవు, నూనె వైపు మొగ్గుతాయి. వాటి మోతాదు పెరిగితే ఎమల్షన్ (ఒకదానిలో ఒకటి బొట్లుగా నిలిచిన నూనె, నీరు) తిరగబడే ప్రమాదం కూడా ఉంది. ఎమల్సిఫయర్ దేనిలో బాగా కరిగితే అది బయటి భాగం అవుతుందని రసాయనవేత్త బ్యాంక్రాఫ్ట్ 1913లోనే చెప్పాడు. మీగడ చిలికితే వెన్న వచ్చేది కూడా తిరగబడటమే: నీటిలో ఉన్న కొవ్వు బొట్లు కలిసిపోయి, చివరికి కొవ్వులోనే నీటి బొట్లు మిగులుతాయి. వంటింట్లో అది పండుగ, క్రీము సీసాలో నష్టం.

బ్యాటరీ నీటిలో లవణాలు లేకపోవచ్చు, సూక్ష్మజీవుల పూచీ ఎవరిది? ల్యాబులకు అమ్మే డిస్టిల్డ్ లేదా డీఅయనైజ్డ్ నీరు తెచ్చుకుని, దాన్నీ కాచి వాడండి. మిగిలిన అరకొర లోహాలను కట్టిపడేయడానికి డైసోడియం ఈడీటీఏ 0.1 శాతం చాలు.

చిలుకుకవ్వం · మే 11, ఉదయం 7:40

అయితే నా క్రీములో నిమ్మ ఉప్పు వేసి పీహెచ్ 5కు దించుతాను, బోరు నీరే పోస్తాను, విరగదే?

బీకరు · మే 11, ఉదయం 9:15

మీ వ్యాక్స్‌లో ఉన్నది సబ్బు కాదు కాబట్టి. సాధారణంగా అది సెటియరైల్ ఆల్కహాల్, దానికి తోడు పాలిసార్బేట్ 60 లేదా సెటియరెత్-20. వీటికి విద్యుదావేశం ఉండదు, నాన్ అయానిక్ రకం. ఆమ్లం వచ్చినా, కాల్షియం వచ్చినా పెద్దగా పట్టించుకోవు. మీ మొదటి సలహా ఫలితం సరైనదే, ఇచ్చిన కారణమే వేరు. ఈవిడకు కావలసింది ఎక్కువ ఎమల్సిఫయర్ కాదు, వేరే జాతి ఎమల్సిఫయర్.

ఇంకో మాట. నూనెల బరువులో నాలుగో వంతు అనేది చేతి అంచనా. ఉజ్జాయింపు లెక్కకు బదులు హెచ్‌ఎల్‌బీ చూడటం అలవాటు చేసుకోండి. ఎమల్సిఫయర్ నీటి వైపు ఎంత, నూనె వైపు ఎంత మొగ్గుతుందో చెప్పే అంకెల పద్ధతి అది, గ్రిఫిన్ 1949లో ఇచ్చాడు. 3 నుంచి 6 మధ్య అంకె ఉన్నవి నూనెలో నీరు నిలపడానికి, 8 నుంచి 18 వరకు ఉన్నవి నీటిలో నూనె నిలపడానికి. గ్లిసరిల్ స్టియరేట్ 3.8, పెగ్-100 స్టియరేట్ 18.8. సమంగా కలిపితే 11.3 వస్తుంది, అందుకే ఆ జోడీ బజారులో కలిపే దొరుకుతుంది. సబ్బులకు మాత్రం ఈ లెక్క సరిగా అతకదు.

ఆముదం_చెట్టు · మే 11, మధ్యాహ్నం 12:50

ఇన్ని అంకెలు ఎందుకండీ! తేనెమైనం మాట ఎవరూ ఎత్తలేదు. ప్రాచీన కాలం నుంచి క్రీములు దానితోనే చేశారు. నిల్వకు విటమిన్ ఇ, లావెండర్ ఉన్నాయి. ఇంకా ప్రిజర్వేటివ్ ఎందుకు?

వెలిగారం · మే 11, మధ్యాహ్నం 3:33

తేనెమైనం మాట నేనెత్తుతాను, దాని జోడీయే నా పేరు కదా.

రెండో శతాబ్దంలో రోమ్‌లోని వైద్యుడు గేలెన్ తేనెమైనం, ఆలివ్ నూనె, గులాబీ నీరు కలిపి క్రీము చేశాడు. దానికి ‘కోల్డ్ క్రీమ్’ పేరు రావడానికి కారణం అది సరిగా నిలవకపోవడమే. రాయగానే నీరు విడిపోయి, ఆవిరై, చర్మం చల్లబడేది. అది నిలకడగా నిలవడం వెలిగారం, అంటే బొరాక్స్, కలిపాకనే సాధ్యమైంది. తేనెమైనంలోని స్వేచ్ఛా ఆమ్లాలతో, ముఖ్యంగా సెరోటిక్ ఆమ్లంతో, అది సబ్బును పుట్టిస్తుంది. అంటే పనిచేసేది అక్కడ కూడా సబ్బే. ఒంటరి తేనెమైనం చిక్కదనం ఇస్తుంది, ఎమల్షన్ ఇవ్వదు.

ఇప్పుడు బొరాక్స్ వాడమని నేనే చెప్పను. ఐరోపాలో బోరేట్లను సంతాన సామర్థ్యానికి హాని చేసేవాటిగా వర్గీకరించారు. ఆముదం చెట్టు గారూ, మీ పగుళ్ల మందులో నీరు ఉందా?

ఆముదం_చెట్టు · మే 11, సాయంత్రం 5:10

లేదు. నూనె, మైనం, అంతే.

వెలిగారం · మే 11, సాయంత్రం 5:26

అయితే అది లేపనం. విరగడానికి అందులో రెండో భాగమే లేదు. నీరు లేని చోట సూక్ష్మజీవులు పెరగవు కాబట్టి ప్రిజర్వేటివ్ లేకపోయినా నడుస్తుంది. చక్కని వస్తువే, కాదనను. కస్తూరి గారి క్రీములో మూడింట రెండు వంతులు నీరూ కలబంద రసమూ, దాని న్యాయం వేరు.

బీకరు · మే 11, రాత్రి 9:48

ఈ ప్రిజర్వేటివ్ మాట దగ్గర నేను కాస్త గట్టిగానే మాట్లాడతాను. విటమిన్ ఇ నూనె కంపు కొట్టకుండా ఆపే యాంటీఆక్సిడెంట్. బాక్టీరియాను అది ఏమీ చేయదు. లావెండర్ ఒక శాతం వేస్తే వాసన ఘాటు, అలర్జీ ప్రమాదం; రక్షణ మాత్రం నమ్మదగినంత లేదు. కలబంద రసంలోని చక్కెరలు సూక్ష్మజీవులకు విందు. కంటికి కనిపించే బూజు అయినా నయం, చూసి పారేస్తాం. సూడోమోనాస్ అనే బాక్టీరియా పెరిగిన క్రీము తెల్లగానే ఉండవచ్చు, కంటి చుట్టూ రాసుకుంటే అప్పుడు తెలుస్తుంది. పైగా సూక్ష్మజీవులు పీహెచ్‌ను మార్చి ఎమల్షన్‌ను కూడా విరగ్గొడతాయి.

సోడియం బెంజోయేట్, పొటాషియం సార్బేట్ చౌక కదా అని వేయకండి. అవి ఆమ్ల రూపంలో ఉంటేనే పనిచేస్తాయి, పీహెచ్ 5 దాటితే దండగ. సబ్బు క్రీము 8 దగ్గర ఉంటుంది. ఫినాక్సీఇథనాల్ అయితే విస్తృతమైన పీహెచ్‌లో పనిచేస్తుంది, పరిమితి ఒక శాతం. ఇథైల్‌హెక్సైల్‌గ్లిజరిన్ తోడు ఉన్న 9:1 మిశ్రమం దొరుకుతుంది, అది ఒక శాతం వేయండి. 40 డిగ్రీల కిందకు దిగాకే వేయండి.

మల్లెపందిరి · మే 12, ఉదయం 10:22

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాది కార్బోమర్‌తో చేసిన జెల్ క్రీము. కార్బోమర్ (జెల్‌కు చిక్కదనం ఇచ్చే పాలిమర్) 0.4, సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 6.5. గట్టిగా, అద్దంలా వస్తుంది. చివరలో తేమ నిలిపే సోడియం పీసీఏ 3 శాతం వేయగానే నీళ్లలా జారిపోతోంది. ఇదీ పీహెచ్ గొడవేనా?

రవ్వలడ్డు · మే 12, ఉదయం 11:05

నాదీ ఒకటి. షియా బటర్ 10 శాతం వేసిన క్రీములో నెల తిరిగేసరికి సన్నని పలుకులు. చేతిలో రుద్దితే కరుగుతాయి. విరగలేదు, నీరు వదలలేదు.

బీకరు · మే 12, మధ్యాహ్నం 1:30

మల్లెపందిరి గారూ, పీహెచ్ కాదు, ఉప్పు. కార్బోమర్ గొలుసు మీది రుణావేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ గొలుసును సాగదీస్తాయి, అదే చిక్కదనం. సోడియం పీసీఏ ఇచ్చే సోడియం ఆ ఆవేశాలను కప్పేస్తుంది, గొలుసు ముడుచుకుపోతుంది. కలబంద రసం, సోడియం లాక్టేట్ చేసేదీ అదే. గ్లిజరిన్‌తో సరిపెట్టుకోండి, లేదా కార్బోమర్ బదులు క్సాంథాన్ గమ్ వాడండి. అది ఉప్పును చాలా బాగా తట్టుకుంటుంది. ఒక తమాషా ఏమిటంటే, నూనెలో నీరు ఉండే ఎమల్షన్‌లో మెగ్నీషియం సల్ఫేట్ అర శాతం నుంచి ఒక శాతం వరకు కావాలనే వేస్తాం, అక్కడ ఉప్పే నిలబెడుతుంది.

రవ్వలడ్డు గారూ, పేరు సార్థకం. షియాలోని కొవ్వులు ఒకే వేడికి గడ్డకట్టవు. పూర్తిగా కరగకపోయినా, నెమ్మదిగా చల్లారినా, స్టియరిక్ ఎక్కువ ఉన్నవి ముందుగా పోగై పలుకులు కడతాయి. నూనె భాగాన్ని 75 డిగ్రీల మీద కాసేపు ఉంచి, కలిపాక ఆలస్యం చేయకుండా, తిప్పుతూనే చల్లార్చండి. 10 శాతం మన ఎండలకు ఎక్కువ. మధ్యాహ్నం కరిగి రాత్రి గడ్డకడితే ఎంత బాగా చేసినా పలుకు వస్తుంది.

కస్తూరి_గుంటూరు · మే 12, రాత్రి 8:40

బీకరు గారూ, దయచేసి కొత్త తూకం ఒకటి రాసిపెట్టగలరా? విటమిన్ సి పూర్తిగా వదులుకోవాలా?

బీకరు · మే 12, రాత్రి 10:11

వదులుకోండి. నీటిలో ఆస్కార్బిక్ యాసిడ్ ఎలాగూ నిలవదు, గాలి తగిలి పసుపు, తరువాత గోధుమ రంగులోకి మారుతుంది. దాని బదులు విటమిన్ బి3 రూపమైన నియాసినమైడ్ 3 శాతం. అది ఆమ్లమూ కాదు, ఉప్పూ కాదు.

నీరు 69.8, గ్లిజరిన్ 4, క్సాంథాన్ గమ్ 0.3, డైసోడియం ఈడీటీఏ 0.1, నియాసినమైడ్ 3
గ్లిసరిల్ స్టియరేట్, పెగ్-100 స్టియరేట్ మిశ్రమం 5, సెటియరైల్ ఆల్కహాల్ 2, బాదం నూనె 9, కొబ్బరి నూనె 5
చల్లారాక: ఫినాక్సీఇథనాల్ మిశ్రమం 1, విటమిన్ ఇ 0.5, లావెండర్ 0.3

గమ్‌ను ముందు గ్లిజరిన్‌లో కలిపి తరువాత నీటిలో వేయండి, లేకపోతే ఉండలు కడుతుంది. చివరలో పీహెచ్ 5.5 నుంచి 6 మధ్యకు తెచ్చుకోండి. నియాసినమైడ్ బాగా తక్కువ పీహెచ్‌లో నికోటినిక్ ఆమ్లంగా మారి ముఖం ఎర్రబడేలా చేయవచ్చు. కలబంద కావాలంటే ఇది నిలిచిందని రుజువయ్యాక 5 శాతంతో మొదలుపెట్టండి. ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి.

జీడిమెట్ల_షిఫ్ట్ · మే 13, రాత్రి 11:58

ఇప్పుడే డ్యూటీ దిగాను. ఫార్ములా బాగుంది, చేసే పద్ధతి మీద ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు.

బ్లెండరు ఎందుకంటే బొట్టు సైజు కోసం. స్టోక్స్ సూత్రం ప్రకారం బొట్టు తేలే వేగం దాని వ్యాసార్ధం వర్గాన్ని బట్టి ఉంటుంది. బొట్టు సగమైతే వేగం నాలుగో వంతు. బయటి భాగం చిక్కగా ఉంటే ఇంకా తగ్గుతుంది, గమ్ అందుకే. అలాగని చల్లారేదాకా బ్లెండరు నడపకూడదు. వేడిగా ఉన్నప్పుడు రెండు మూడు నిమిషాలు, అదీ బ్లేడు పైకి లేవకుండా. తరువాత గరిటెతో నెమ్మదిగా. లేకపోతే గాలి పడుతుంది, డబ్బా నిండుగా కనిపించి నెలకు సగం దిగుతుంది. గడ్డకడుతున్న అల్లికను కోసేసినా క్రీము పలచబడుతుంది.

వేడి చేసేటప్పుడు గిన్నెతో సహా ముందూ తరువాతా తూచండి. ఆవిరైన నీటిని తిరిగి పోయకపోతే ఒక్కో వాయి ఒక్కోలా వస్తుంది, మీరు ఫార్ములాను తిట్టుకుంటారు.

నిలకడ పరీక్ష అంటే అల్మారాలో పెట్టి ఎదురుచూడటం కాదు. కొన్ని సీసాలు 45 డిగ్రీలలో, కొన్ని ఫ్రిజ్‌లో, కొన్ని గదిలో పెట్టాలి. ఇంకొన్నింటిని ఫ్రీజరుకూ గదికీ మధ్య మార్చి మార్చి చూడాలి. 3000 ఆర్‌పీఎం మీద అరగంట సెంట్రిఫ్యూజ్ తిప్పితే బలహీనమైనవి అక్కడే బయటపడతాయి. దగ్గర్లో ఫార్మసీ కాలేజీ ఉంటే అడగండి, ఓవెన్, సెంట్రిఫ్యూజ్ రెండూ ఉంటాయి. రెంటచింతల, రామగుండం వేసవిలో కొరియర్ బండి లోపల 45 దాటడం వింత కాదు. కాబట్టి ఆ పరీక్ష మన దగ్గర అతిజాగ్రత్త కాదు, కనీస మర్యాద.

కస్తూరి_గుంటూరు · మే 29, సాయంత్రం 7:05

అందరికీ ధన్యవాదాలు. రెండు రకాలు చేశాను: ఒకటి బీకరు గారి తూకం, రెండోది నా పాత తూకమే, విటమిన్ సి తీసేసి, డిస్టిల్డ్ నీటితో, ఫినాక్సీఇథనాల్ వేసి. మా ఊళ్లో ఫార్మసీ కాలేజీలో పనిచేసే బంధువు సాయంతో సెంట్రిఫ్యూజ్ తిప్పించాను. రెండూ విడిపోలేదు. 45 డిగ్రీల ఓవెన్‌లో రెండు వారాలకు పాతది కాస్త గట్టిపడి ముత్యంలా మెరుస్తోంది. కొత్తది మారలేదు, కానీ రాసేటప్పుడు ముందు తెల్లగా పాకుతోంది, చర్మంలోకి ఇంకడం లేదు అనిపిస్తోంది.

బీకరు · మే 29, రాత్రి 8:30

ఆ మెరుపు స్టియరిక్ స్ఫటికాలది, పాత ‘స్నో’ల లక్షణమే, లోపం కాదు. తెల్లగా పాకడం కొత్తదానిలో సెటియరైల్ ఆల్కహాల్ వల్ల. దాన్ని 1.5కు దించి, డైమెథికోన్ అనే సిలికోన్ 0.5 నూనె భాగంలో వేయండి. రెండు వారాలు మంచి కబురే, మూడు నెలలు పూర్తికానివ్వండి. పీహెచ్ రాసుకుంటూ ఉండండి. కంటికి తెలియకముందే అది జారడం మొదలవుతుంది. అన్నట్టు, మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం ఐఎస్ 6608 చర్మ క్రీములకు 4 నుంచి 9 వరకు పీహెచ్ ఒప్పుకుంటుంది, మీ రెండూ ఆ గీతల లోపలే ఉన్నాయి.

నల్లగొండ_నీళ్లు · మే 29, రాత్రి 9:16

బంధువులకు ఇవ్వడం వరకు సరే. అమ్మాలంటే?

జీడిమెట్ల_షిఫ్ట్ · మే 30, ఉదయం 6:20

అమ్మాలంటే లైసెన్సు తప్పదు. సౌందర్య సాధనాల నియమాలు, 2020 కింద రాష్ట్ర లైసెన్సింగ్ అధికారికి ఫారం సీఓఎస్-5లో దరఖాస్తు, వచ్చేది సీఓఎస్-8. సొంత యూనిట్ లేకపోతే లైసెన్సు ఉన్నవారి దగ్గర చేయించుకునే లోన్ లైసెన్సు ఉంది, సీఓఎస్-6, సీఓఎస్-9. వంటింటి చిరునామా మీద రాదు, ఆ ఆశ పెట్టుకోకండి.

రవ్వలడ్డు · మే 30, ఉదయం 9:44

ఇదే క్రీములో జింక్ ఆక్సైడ్ కలిపితే సన్‌స్క్రీన్ అవుతుందా?

బీకరు · మే 30, ఉదయం 10:02

కలపవచ్చు, సన్‌స్క్రీన్ అవదు. పొడి సమంగా విడిపోయిందో లేదో కంటికి తెలియదు, ఎస్‌పీఎఫ్ కొలవకుండా ఎవరికీ ఇవ్వకూడదు. పైగా స్టియరిక్ ఉన్న పాత తూకంలో వేస్తే జింక్ స్టియరేట్ తయారై మళ్లీ మొదటి కథే. దీనికి వేరే చర్చ తెరవండి, అక్కడ మాట్లాడదాం.